ఎడమ గట్టున గుడి

ప్రయాణానికి అక్క తన సంచీలో ముందుగా పెట్టుకున్నవి బట్టలు కావు, రెండు ఫొటోలు. ఒకటి పోయినేడు కన్నుమూసిన భర్తది. రెండోది తమ్ముడూ మరదలూ నది పుట్టే చోట, కొండ ముందు, జంటగా నిలబడి ఉన్నది. ఆ రెండోది ఆవిడ ముందుగది గోడకి ఏళ్ల తరబడి వేలాడుతోంది. పొద్దున్నే దీపం పెట్టాక దానివైపు కూడా తిరిగి ఓ దణ్ణం పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. దాన్ని గోడ మీంచి తీసి, అద్దం తుడిచి, పాత చీరలో చుడుతుంటే తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు.

"అదెందుకక్కా, ఊరికే బరువు," అన్నాడు.

"మీరు నిలబడ్డ చోటే నేనూ నిలబడాలిరా, మీ బావ ఫొటో పట్టుకుని. అచ్చం ఇలాగే తియ్యాలి నువ్వు," అంది అక్క.

ఆవిడ కోరికల్లా అంతే. బంగారం అడగలేదు, మేడలు అడగలేదు. కాకపోతే ఆ కోరిక తీర్చడం తమ్ముడి వల్ల అయ్యే పని కాదు. ఎందుకంటే అతను అక్కడ ఎప్పుడూ నిలబడలేదు.

అతన్ని వీధి వీధంతా స్టూడియో అనే పిలుస్తుంది. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా పనికి రాదు. బజారులో ఒంటి గది షాపు. ముందు కౌంటరు, దాని గాజు కింద ఎవరూ వచ్చి పట్టుకెళ్లని పాస్‌పోర్టు సైజు మొహాలు, వెనక నల్ల కర్టెను, కర్టెను అవతల ఓ స్టూలు, ఎడమవైపు కదపడానికి వీల్లేకుండా గోడకి బిగించిన పెద్ద లైటు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గ్రూపు ఫొటోలో కళ్లు మూసిన మనిషికి కళ్లు తెరిపించగలడు. పెళ్లికి రాలేకపోయిన పెద్దాయన్ని వరస చివర్లో నిలబెట్టగలడు. అతికిన చోటు వాళ్లావిడ కూడా పట్టుకోలేదు. ఆ పనితనమే అతని కొంప ముంచింది.

నిజానికి భార్యాభర్తలిద్దరూ అప్పట్లో బయలుదేరిన మాట వాస్తవం. బావ తన ఉన్ని కోటు ఇచ్చి మరీ పంపాడు. షాపు తలుపుకి తాళం వేస్తే సరిపోయేది, దాని మీద "యాత్రకు వెళ్తున్నాము" అని అట్ట కూడా కట్టాడు మహానుభావుడు. కొండ కింద బస్సులు ఆగే ఊరి దాకా వెళ్లారు. అక్కడ వాన పట్టుకుంది. చరియలు విరిగిపడి పైకెళ్లే దారి మూసుకుపోయింది. లాడ్జి గదిలో గోడలన్నీ చెమ్మ, మంచం మీద భార్యకి జ్వరం. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని చూసి చూసి, ఆ ఊళ్లోనే నది ఒడ్డున ఓ సీసాలో నీళ్లు పట్టుకుని తిరుగు బస్సెక్కారు. ఇంతవరకూ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొండ విరిగితే మనిషేం చేస్తాడు?

సిగ్గుపడాల్సింది ఇంటి గుమ్మంలో మొదలైంది. బావ ఎదురొచ్చి, దర్శనం బాగా అయిందా అని అడిగాడు. చుట్టుపక్కల వాళ్లు నలుగురూ చేరి ఉన్నారు. కాదంటే కథంతా చెప్పాలి, పైగా తలుపుకి అట్ట కట్టి వెళ్లిన మనిషాయె. "బ్రహ్మాండంగా అయింది బావా," అన్నాడు. ఆ ఒక్క మాటతో పోతుందనుకున్నాడు. పోలేదు. బావకి వినే సరదా ఎక్కువ. సాయంత్రమైతే చాలు, బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్పమనేవాడు. లాడ్జిలో పైనుంచి దిగినవాళ్లు చెప్పుకున్న కబుర్లన్నీ మనవాడు తనవి చేసేసుకున్నాడు. మలుపులో రేకుల షెడ్డు, అందులో తాగిన టీ, రాతి సందులోంచి నీళ్లు దూకే చప్పుడు, చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయే చలి. బావ నోరు తెరుచుకుని వినేవాడు. సీసాలో నీళ్లు కళ్లకద్దుకుని నోట్లో పోసుకునేవాడు. అవి ఆ నది నీళ్లే కదా అని స్టూడియో తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ఫొటోలు తీసే మనిషివి, ఒక్క ఫొటో లేకుండా ఎలా వచ్చావని ఎవరో అడిగారు. ఫిలిం ఇంకా కడగాల్సి ఉందన్నాడు. అన్నాక చూపించాలిగా. కొండ కింది ఊళ్లో కొన్న రంగుల బొమ్మకార్డు ఒకటి పెట్టెలో ఉంది. రాతి సందు, దూకే నీళ్లు, ఎడమ గట్టున చిన్న రాతిగుడి, గుడి ముందు గంట. స్టూడియోలో భార్యని పక్కన నిలబెట్టుకుని, ఇద్దరూ ఉన్ని బట్టలు తొడుక్కుని, మండుటెండల్లో లైటు కింద చెమటలు కక్కుతూ ఓ ఫొటో తీసుకున్నారు. తీరా అతకబోతే నీడలు కుదరలేదు. మనుషుల మీద వెలుగు ఎడమనుంచి పడింది, కొండ మీద ఎండ కుడినుంచి పడింది. మళ్లీ ఆ కోటూ స్వెట్టరూ తొడుక్కుని నిలబడాలంటే భార్య ససేమిరా అంది. ఇంకొకడైతే నీడల్ని వదిలేసేవాడు. ఇతను వదల్లేడు, పనిమంతుడు కదా. మనుషుల్ని తిరగేస్తే చేతి వాచీ కుడిచేతికి పోతుంది, పైట అటు భుజానికి పోతుంది. కొండ ఎటు తిరిగి ఉంటే ఎవడికి కావాలి? చీకటిగదిలో ఎర్రలైటు వెలుగున, కార్డుని ఫొటో తీసిన నెగెటివ్‌ని తిరగేసి పెట్టి అచ్చు తీశాడు. నీడలు అతికినట్టు కుదిరాయి. ఎడమ గట్టున ఉన్న గుడి కుడి గట్టుకి వచ్చి కూర్చుంది.

ఆ ఫొటో చూసి బావ మురిసిపోయాడు. తన డబ్బుతో ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఇప్పుడు అక్క వెళ్తానంది. దారి తెలిసినవాడివి నువ్వే, నువ్వే తీసుకెళ్లు అంది. స్టూడియో షాపు వంక పెట్టాడు, మోకాళ్ల వంక పెట్టాడు, అక్క మోకాళ్ల వంక కూడా పెట్టాడు. ఆవిడ వినలేదు. చిన్నప్పుడు తల్లి పోతే వేలు పట్టుకుని బడికి నడిపించిన అక్క. పుస్తకాల సంచీ తను మోసి, వీణ్ణి ఖాళీ చేతులతో నడిపించేది. కాదనడానికి అతనికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి అంతకన్నా రాలేదు. చెప్పండి, ఇప్పుడైనా చెప్పేయండి అని భార్య వంటింట్లో గొణిగింది. దారిలో చెప్తానన్నాడు.

దారి బోలెడంత ఉంది, అతను మాత్రం చెప్పలేదు. కొండ కింది ఊళ్లో బస్సు దిగగానే వరసగా దుకాణాలు, ప్రతి దుకాణం ముందూ బొమ్మకార్డుల స్టాండు, ప్రతి కార్డులోనూ ఎడమ గట్టునే గుడి. అక్క అటు తిరిగినప్పుడల్లా ఇతను మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఓ చోట గొడుగు విప్పి అడ్డం పెట్టాడు. వానా లేదు, ఎండా లేదు. "నీకేమైందిరా, గానుగెద్దులా నా చుట్టూ తిరుగుతున్నావ్?" అంది అక్క. మరదలు నవ్వలేదు. ఆవిడ బస్సెక్కిన దగ్గర్నుంచీ మొగుడి కేసి చూడడమే మానేసింది.

పైకి నడక మొదలయ్యాక అక్క హుషారు చెప్పనలవి కాదు. చేతికర్ర పొడుచుకుంటూ ముందు నడిచింది. భర్త వాచీ పెట్టుకుంది ఎడమచేతికి. అది వదులై, చెయ్యెత్తినప్పుడల్లా మోచేతి దాకా జారిపోతోంది, ఆవిడ మళ్లీ కిందికి లాక్కుంటోంది. ఇదేనా నువ్వు టీ తాగిన షెడ్డు అని అడిగింది. ఇదే అన్నాడు. ఇంకాస్త పైన ఇంకో షెడ్డు వచ్చింది. మరి ఇదేమిటి అంది. అప్పుడు దారి వేరక్కా, తర్వాత మార్చారు అన్నాడు. తమ్ముడు చెప్పాడంటే ఆవిడకి అదే రాజమార్గం. ఓహో అలాగా అని ముందుకు నడిచింది. ఆ "ఓహో" అన్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టయ్యేది.

మూడో షెడ్డులో కూర్చున్నారు. అక్క చెప్పుల్లోంచి కాళ్లు తీసి వేళ్లు నొక్కుకుంటూ, ఎటో చూస్తూ మాట్లాడింది. మీరు వెళ్లొచ్చిన మరుసటేడు ఆయనా బయలుదేరదామనుకున్నాడు తెలుసా, అంది. సెలవు కూడా పెట్టాడట. కోటు ఎండలో వేశాడట. రేపు ప్రయాణమనగా, మీ తమ్ముడు కళ్లకి కట్టినట్టు చెప్పాడే, ఇంకా నేను వెళ్లి చూసేదేముంది, నాకు చూసినట్టే ఉంది అని ఆగిపోయాడట. ఆ సెలవుల్లో ఇంటి కప్పు బాగు చేయించాడట.

"మంచంలో పడ్డాక ఒకరోజు ఆ ఫొటో కేసి చూస్తూ, వెళ్లి ఉంటే బాగుండేదే అన్నాడ్రా. నేనే అన్నాను, మా తమ్ముడు వెళ్లాడుగా, మీరు వెళ్లినట్టే అని. తలూపాడు," అంది అక్క.

స్టూడియో చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ అతను తన అబద్ధం వల్ల ఎవరికీ చీమ కుట్టినంత నష్టం లేదనుకున్నాడు. బావ సంతోషించాడు, అక్క సంతోషించింది, తన పరువు నిలబడింది, అంతే అనుకున్నాడు. ఆ కబుర్లు ఒక మనిషిని ఇంటి గుమ్మం దాటకుండా ఆపేశాయని అతనికి ఈ క్షణం దాకా తెలీదు. "అక్కా," అన్నాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపులో అనుమానం అన్నది మచ్చుకైనా ఉంటే చెప్పేసేవాడేమో. "చెప్పులు బిగుతుగా ఉన్నాయా?" అని అడిగాడు. భార్య లేచి షెడ్డు బయటికి వెళ్లిపోయింది.

పైకి చేరేసరికి మబ్బులు విడిపోయి ఎండ వచ్చింది. కొండ మొహంలో నిలువుగా ఓ చీలిక, అందులోంచి నీళ్లు ధారగా దూకి, తెల్లగా విరిగి, గుండ్రాళ్ల మధ్యనుంచి పారుతున్నాయి. అంత పెద్ద నది అక్కడ ఇంటి వసారా వెడల్పు కూడా లేదు. చప్పుడు మాత్రం మాటలు వినపడనివ్వడం లేదు. రాళ్లు పరిచిన బాట, తడిసిన మెట్లు, చలికి ముడుచుకుని వరసలో నిలబడ్డ జనం, రాతిగుడి, గంట. అన్నీ ఎడమ గట్టునే. కుడి గట్టున నిటారు బండలూ నాచూ తప్ప ఏమీ లేవు. బాట కూడా లేదు.

అక్క రెండు చేతులూ జోడించి చాలాసేపు అలాగే నిలబడింది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత సంచీ విప్పి పాత చీరలోంచి ఫ్రేము తీసింది. ఫొటో చూసింది, ఎదురుగా చూసింది. మళ్లీ ఫొటో చూసింది. రెండడుగులు పక్కకి జరిగి చూసింది. రోజూ చూసిన బొమ్మ. అందులో గుడి మరదలి భుజం పక్కన, కుడివైపు ఉంటుందని ఆవిడ నిద్రలో అడిగినా చెప్పగలదు.

"ఏరా, మీరు ఎటు నిలబడ్డారు?" అని అడిగింది. "ఇటునుంచి గుడి ఎడమకొచ్చింది. మీరు అవతలికి వెళ్లి తీసుకున్నారేమో. అటునుంచి చూస్తే కుడికొస్తుంది కదూ?"

రాదు. అవతలి గట్టు మీద ఎక్కడ నిలబడినా రాదు. గుడి కుడికి వచ్చేలా నిలబడితే నీళ్లు దూకే చీలిక వెనక్కి పోతుంది. ముప్పూటలా కెమెరాతో బతికే మనిషికి ఆ సంగతి చెప్పక్కర్లేదు. అయినా అక్క తనకి దారి చూపిస్తున్నట్టే అనిపించింది. తప్పించుకునే దారి. "అవునక్కా, అటే అయ్యుంటుంది," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి రావడమే తరువాయి, అక్క ఆ ఫ్రేముని గట్టున సంచీ మీద పెట్టి, భర్త ఫొటోని తీసి గుండెలకి ఆనించుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, నీళ్లలో ఉన్న మొదటి రాయి మీద కాలు పెట్టింది. వద్దక్కా అన్నాడు, అది చప్పుడులో కలిసిపోయింది. గట్టిగా అనలేదు కూడా. గట్టిగా అంటే ఎందుకని అడుగుతుంది. రెండో రాయి మీద నిలదొక్కుకుంది. మూడో రాయి నాచు పట్టి ఉంది. కాలు జారి, ఆవిడ నడుం లోతు నీళ్లలో కూలబడింది. కూలబడుతూ కూడా భర్త ఫొటోని తల మీదికెత్తి పట్టుకుంది. వాచీ జారి మోచేతి దగ్గర ఆగింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ నీళ్లలోకి దూకి చెరో రెక్కా పట్టుకుని గట్టుకి లాక్కొచ్చారు. మోకాలు చీరుకుపోయి రక్తం వస్తోంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మరదలు తన శాలువా కప్పి, తడి కుచ్చిళ్లు పిండుతూ కూర్చుంది. పిండుతూ పిండుతూ ఆగిపోయింది.

"ఇంత జరిగినా మేము నిలబడ్డ చోటుకే పోతానంటావా వదినా?" అని అడిగింది.

"పోకుండా ఎందుకుంటానే? అందుకేగా వచ్చింది. ఇంకో వైపు రాళ్లున్నాయేమో చూడమను వాణ్ణి," అంది అక్క.

మరదలు మొగుడి మొహంలోకి చూసింది, బస్సెక్కాక అదే మొదటిసారి. అతను చూపులు నేలకి దించేశాడు. అప్పుడిక ఆవిడే చెప్పేసింది.

"మేము ఇక్కడికి రాలేదు వదినా. కింది ఊరి దాకా వచ్చి తిరిగెళ్లిపోయాం. ఆ ఫొటో షాపులో చేసింది. కొండని తిరగేశారు. నాకూ తెలుసు, నేనూ చెప్పలేదు."

అక్క అరిచి తిట్టి ఉంటే తమ్ముడికి కాస్త ఊపిరాడేది. ఆవిడ ఫ్రేము అందుకుని, తడి చేత్తో అద్దం తుడిచి, ఇంతకు ముందు ఎప్పుడూ చూడనట్టు చూసింది. కొండ చూసింది, నీడలు చూసింది, తమ్ముడి మొహం మీద పడ్డ వెలుగు చూసింది. ఆ తర్వాత, మీ బావకి తెలుసా అని అడిగింది. తెలీదన్నాడు.

"పోన్లే. తెలీకుండానే పోయాడు," అంది అక్క. వణుకుతున్న కాళ్ల మీద శాలువా లాక్కుంటూ అంది. "నీళ్లు చల్లగా ఉంటాయన్నావు. అదొక్కటీ నిజమే."

క్షమించమని అడగడానికి స్టూడియోకి మొహం చెల్లలేదు. నువ్వు పడబోతుంటే కూడా గట్టిగా ఆపలేదక్కా అని చెప్పాలనుంది. అది ఆవిడకి తెలియకుండా ఉంటే బాగుండుననీ ఉంది. ఇంత జరిగాక కూడా ఇంకా దాచుకుందామని చూస్తున్న తన బుద్ధి తనకే అసహ్యమేసింది. "అటు వెళ్లినా గుడి కుడికి రాదక్కా. నాకు ముందే తెలుసు. తెలిసే అటే అన్నాను," అని చెప్పేశాడు. అక్క కళ్లు మూసుకుంది. మొదటి మాటకన్నా ఈ మాటే ఆవిడకి ఎక్కువ తగిలింది. అతనికి అది కనిపించింది.

చెయ్యి అందించబోతే వద్దంది. కర్ర ఊతంతో తనే లేచి, కుంటుకుంటూ గుడి మెట్ల దాకా వెళ్లి, భర్త ఫొటోని నీళ్లు దూకే వైపు తిప్పి పట్టుకుని నిలబడింది. ఏదో చెప్తోంది. చప్పుడులో వినపడలేదు. వినే అర్హత తమకి లేదని భార్యాభర్తలిద్దరూ దూరంగానే ఉండిపోయారు. చాలాసేపటికి ఆవిడ వెనక్కి తిరిగి, ఫొటోని గుండెల ముందు పెట్టుకుని, తమ్ముణ్ణి తలతో పిలిచింది.

"తియ్యి. ఎటున్నది అటే ఉంచు," అంది.

ఎండ ఆవిడ వెనకనుంచి పడుతోంది. మొహం చీకటిగా వస్తుంది. కొంచెం ఇటు తిరుగు అక్కా అనడం అతని నోటికి అలవాటైన మాట. ఆ మాట మింగేసి, ఉన్నది ఉన్నట్టే తీశాడు.

దిగేటప్పుడు అక్క మరదలి భుజం పట్టుకుని దిగింది. సంచీ నేను మోస్తానంటే తమ్ముడికి ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక షాపులో ఆ ఫొటో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాడు. అక్క మొహంలో సగం నీడ, కుచ్చిళ్లు తడిసి కాళ్లకి అంటుకుని ఉన్నాయి, మోకాలి దగ్గర చీర మీద మరక. రెండు నొక్కులు నొక్కితే మొహం తెల్లబడుతుంది, మరక పోతుంది. వేలు అక్కడి దాకా వెళ్లింది. తీసేసుకున్నాడు. ఉన్నదున్నట్టు అచ్చు తీసి, ఫ్రేము కట్టి, పట్టుకెళ్లాడు.

అక్క ముందుగదిలోనే ఉంది. గోడ మీద పాత ఫొటో ఉన్న చోట తెల్లటి నలుచదరం మిగిలింది. ఆ ఫొటోని కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి ఉంచింది. అది అతని చేతికిచ్చి, షాపులో పెట్టుకోమంది. పని బాగా చేశావురా, నలుగురూ చూస్తారు అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాడు. లేదు. ఉంటేనే బాగుండేది.

తెచ్చింది ఇచ్చాడు. అక్క కళ్లజోడు పెట్టుకుని, ఫ్రేముని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లింది. ముందు తన మొహం చూసుకోలేదు. భర్త మొహం కూడా చూడలేదు. ఫొటోలో వాచీ ఏ చేతికి ఉందో చూసింది. తన చెయ్యెత్తి, ఆ చేతికి ఉన్న వాచీ చూసుకుంది. గుడి ఎటుందో చూసింది. అన్నీ సరిపోయాక, అప్పుడు భర్త మొహం కేసి చూసింది.

స్టూడియో చంకలో పాత ఫొటోతో, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ ఇంకా అనలేదు.